ఇంటికి పనిముట్లు కొనే ముందు మీ గోడను చూడండి

ఇంటి పనుల కోసం ఒక డ్రిల్లింగ్ మెషిన్, నాలుగు చేతి పనిముట్లు కొనుక్కుందామని వెళ్లినవారి ముందు దుకాణదారు పది రకాల యంత్రాలు పరుస్తాడు. 500 వాట్లదా 850 వాట్లదా, వైరుదా బ్యాటరీదా, పేరున్న కంపెనీదా సగం ధరకు వచ్చేదా అని తేల్చుకోలేక, చివరికి అందంగా కనిపించే పెట్టెను కొని తెచ్చుకోవడం సాధారణంగా జరుగుతూ ఉంటుంది. మీ ఇంటి గోడ దేనితో కట్టారు, కొన్న పనిముట్టు ఏడాదిలో ఎన్నిసార్లు బయటికి వస్తుంది అనే రెండు విషయాలు ముందుగా తెలుసుకుంటే ఈ ఎంపిక చాలావరకు సులువవుతుంది. ధర, కంపెనీ పేరు, వాట్ల సంఖ్య ఆ తరువాత చూడవలసినవి.

గోడను బట్టి డ్రిల్లు

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్ల గోడలు ఇప్పుడు ఒకే రకంగా లేవు. పాత ఇళ్లలోనూ, పల్లెల్లోనూ, చిన్న పట్టణాల సొంత ఇళ్లలోనూ ఎర్ర ఇటుక గోడలే ఎక్కువ. ఇటీవలి అపార్ట్‌మెంట్లలో బూడిద ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, లోపల సన్నని గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ దిమ్మెలు వాడుతున్నారు. హైదరాబాదు పడమటి వైపు లేచిన ఎత్తైన భవనాలు చాలావాటిలో అల్యూమినియం షట్టరింగ్ పెట్టి గోడలను కూడా స్లాబుతో పాటే కాంక్రీటుతో పోస్తున్నారు. పైకి ఇవన్నీ ఒకే రంగు వేసిన గోడల్లాగే కనిపిస్తాయి కాబట్టి కంటితో చూసి చెప్పడం కష్టం, కానీ ఒక చిన్న బెజ్జం వేస్తే తెలిసిపోతుంది. మొదటి సెంటీమీటరు, సెంటీమీటరున్నర లోతు వరకు వచ్చే బూడిదరంగు పొడి ప్లాస్టరింగుది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. దాని తరువాత ఎర్రటి పొడి వస్తే అది ఎర్ర ఇటుక. తెల్లటి మెత్తని పొడి రాలుతూ బిట్టు, అంటే డ్రిల్లు ముందు బిగించే కోత పుల్ల, ఏ శ్రమా లేకుండా లోపలికి దిగిపోతే ఏఏసీ దిమ్మె. పొడి బూడిదరంగులోనే కొనసాగుతూ బిట్టు దిగడానికి మొండికేస్తే కాంక్రీటు. ఇటుక గోడల ఇంట్లో కూడా స్తంభాలు, బీములు, స్లాబు కాంక్రీటువేనని గుర్తుంచుకోవాలి. కర్టెన్ రాడ్ బిగించేటప్పుడు చాలామంది చిక్కుకునేది అక్కడే, ఎందుకంటే కిటికీ పైన సాధారణంగా కాంక్రీటు లింటెల్, అంటే అడ్డ దూలం, ఉంటుంది.

దుకాణంలో చూపించే వైరు యంత్రాల్లో మనకు పనికివచ్చేవి రెండు జాతులు: ఇంపాక్ట్ డ్రిల్లు, రోటరీ హ్యామర్. పేర్లు దగ్గరగా ఉన్నా వాటి లోపలి పనితీరు పూర్తిగా వేరు. ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్లున్న రెండు చక్రాలు ఒకదానిపై ఒకటి ఎక్కి దిగుతూ బిట్టును ముందుకు వెనక్కి కదుపుతాయి. నిమిషానికి వేల దెబ్బలు పడతాయి గాని ఒక్కొక్క దెబ్బ చాలా చిన్నది, పైగా దాని బలం మనం వెనుక నుంచి నెట్టే ఒత్తిడి మీద ఆధారపడి ఉంటుంది. రోటరీ హ్యామర్‌లో మోటారు ఒక పిస్టన్‌ను నడుపుతుంది, పిస్టన్ ముందున్న గాలి నొక్కుకుని లోపలి సుత్తిని బిట్టు మీదికి విసురుతుంది. ఇంట్లో వాడదగిన 2 కిలోల తరగతి రోటరీ హ్యామర్ ఒక్కో దెబ్బకు సుమారు 2 నుంచి 3 జౌళ్ల శక్తినిస్తుంది, దాన్ని మనం బలంగా నెట్టనవసరం లేదు, నిటారుగా పట్టుకుంటే చాలు. అందువల్లనే రెండింటి మీదా ఒకే వాట్ల సంఖ్య రాసి ఉన్నా కాంక్రీటులో 8 మిల్లీమీటర్ల బెజ్జానికి ఒకటి నిమిషాల తరబడి అరుస్తుంది, రెండవది కొద్ది సెకన్లలో పని ముగిస్తుంది. వాట్లు మోటారు తీసుకునే విద్యుత్తును చెబుతాయి గాని గోడకు చేరే దెబ్బను చెప్పవు. రోటరీ హ్యామర్ కొనేవారు పెట్టె మీద వాట్ల కన్నా జౌళ్ల సంఖ్యను వెతకాలి.

అలాగని అందరికీ రోటరీ హ్యామరే మంచిదని నేననను. 2 కిలోల తరగతి అని పేరున్నా అది రెండున్నర, మూడు కిలోల బరువు ఉంటుంది. దానికి ఎస్‌డీఎస్ ప్లస్ అనే గాడులున్న బిట్లు మాత్రమే పడతాయి. బిట్టును పట్టుకునే చక్‌లో అది కొద్దిగా కదలడానికి వీలుగానే ఈ యంత్రాన్ని తయారు చేస్తారు కాబట్టి చెక్కలోనో ఇనుములోనో కచ్చితమైన బెజ్జం వేయడానికి అది సరిపడదు. మామూలు చక్‌ను అడాప్టర్‌తో తగిలించవచ్చు గాని ముక్కు పొడవై చేతికి నిలకడ ఉండదు. ఎర్ర ఇటుక గోడల ఇంట్లో, ఏడాదికి పదిసార్లో ఇరవైసార్లో ఫోటోలు, గడియారాలు, అద్దాలు, చిన్న అరలు బిగించుకునేవారికి 500 నుంచి 650 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు చక్కగా సరిపోతుంది. దెబ్బ ఆపేసి చెక్కకూ ఇనుముకూ కూడా వాడుకోవచ్చు. పేరున్న కంపెనీలది ఇంచుమించు 2,000 నుంచి 3,500 రూపాయలలో దొరుకుతుంది. మొత్తం కాంక్రీటు గోడలున్న ఫ్లాట్‌లో ఉండేవారు మాత్రం ఆ డబ్బుకు మరికొంత చేర్చి రోటరీ హ్యామర్ తీసుకోవాలి. అటువంటి గోడ మీద ఇంపాక్ట్ డ్రిల్లుతో కుస్తీ పడితే బిట్లు మాడిపోతాయి, బెజ్జం చుట్టూ ప్లాస్టరు రాలుతుంది, కింది అంతస్తు వారు గంటసేపు ఆ చప్పుడు భరించాలి. కాంక్రీటులో కడ్డీ తగిలితే ఏ యంత్రమైనా ఆపేసి బెజ్జాన్ని అంగుళం రెండంగుళాలు పక్కకు జరపడమే సరైన పని.

ఏఏసీ దిమ్మెల గోడల సంగతి దీనికి తలకిందులు. ఆ గోడకు దెబ్బే వద్దు. దెబ్బతో వేస్తే బెజ్జం వదులై, మర పట్టడానికి అందులో పెట్టే ప్లగ్గు నిలవదు. మామూలు డ్రిల్లును తిప్పుడు మీద మాత్రమే పెట్టి, ఆ దిమ్మెల కోసమే వచ్చే ప్లగ్గులు వాడాలి. బరువు వేలాడదీసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. 25 లీటర్ల గీజరు నిండితే నీళ్లే 25 కిలోలు, దాని సొంత బరువు అదనం. దాన్ని ఏఏసీ గోడకు రెండు మామూలు ప్లగ్గులతో వేలాడదీయడం ప్రమాదకరం. స్నానాల గది టైల్స్‌కు కూడా ఇదే నియమం: టైలు దాటేవరకు దెబ్బ వాడకూడదు, నెమ్మదిగా తిప్పాలి, గట్టి విట్రిఫైడ్ టైలైతే డైమండ్ బిట్టు కావాలి.

బిట్ల మీద పొదుపు చేయడం నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం. మూడువేల యంత్రానికి పాతిక రూపాయల బిట్టు తగిలించి యంత్రం మంచిది కాదనుకునేవారు చాలామంది ఉన్నారు. గోడను కోసేది బిట్టు కొన మీద అతికించిన చిన్న కార్బైడ్ ముక్క. అది ఊడిపోయిందంటే ఆ పైన ఎంత తిప్పినా లాభం లేదు. ఇంటికి 6, 8, 10 మిల్లీమీటర్ల మంచి గోడ బిట్లు ఒక్కొక్కటి, ఇనుముకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు కొన్ని ఉంటే చాలు. యంత్రంతో పాటు ఉచితంగా వచ్చే నూరు ముక్కల డబ్బా కన్నా విడిగా కొన్న ఈ కొద్దిపాటి బిట్లు ఎక్కువ కాలం పనికి వస్తాయి.

వైరా, బ్యాటరీయా

బ్యాటరీ యంత్రం చేతికి హాయిగా ఉంటుందనడంలో సందేహం లేదు. ఫర్నిచర్ బిగించడానికి, తలుపు బందుల మరలు తిప్పడానికి, మంచం విప్పి మళ్లీ కలపడానికి మరలు తిప్పే 12 వోల్టుల చిన్న డ్రిల్లు డ్రైవరును మించినది లేదు, ఇటుకలో 6 మిల్లీమీటర్ల బెజ్జం కూడా దెబ్బ ఉన్న రకంతో వేయవచ్చు. కాంక్రీటు దాని పని కాదు. ఇక్కడ పెట్టెల మీది అంకెల గురించి ఒక మాట చెప్పాలి. ఒక్కో లిథియం సెల్లు మామూలు వోల్టేజి 3.6, పూర్తిగా ఛార్జి అయిన క్షణంలో 4 కన్నా కాస్త ఎక్కువ. ఐదు సెల్లుల బ్యాటరీని ఒక కంపెనీ 18 వోల్టులంటుంది, మరొక కంపెనీ 20 వోల్టుల మ్యాక్స్ అంటుంది, రెండూ ఒకటే. 12 వోల్టులని రాసేది కూడా మూడు సెల్లుల 10.8 వోల్టులే. నిజంగా పోల్చవలసింది వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే శక్తిని: 10.8 వోల్టుల, 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సుమారు 22 వాట్ అవర్లుంటే, 18 వోల్టుల, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 72 ఉంటాయి. పెద్ద పెద్ద వోల్టుల అంకెలు వేసి చవకగా అమ్మే ఊరూపేరూ లేని యంత్రాల మీద ఈ లెక్కకు తగిన వివరాలు సాధారణంగా ఉండవు, అది చూసి వదిలేయవచ్చు.

బ్యాటరీకి ఇంకొక స్వభావం ఉంది. వాడినా వాడకపోయినా దానికి వయసు పెరుగుతుంది. ఏడాదికి నాలుగుసార్లు వాడే ఇంట్లో, మే నెల ఎండకు కాగే అటకమీద పెట్టిన బ్యాటరీ కొన్నేళ్లలో బలం కోల్పోతుంది, అప్పటికి ఆ నమూనా బ్యాటరీ దొరకకపోతే యంత్రం మొత్తం మూలన పడుతుంది. ఒక కంపెనీ బ్యాటరీ మరొక కంపెనీ యంత్రానికి పట్టదు. వైరు డ్రిల్లుకు ఈ బాధ లేదు. పదేళ్ల తరువాత తీసి ప్లగ్గు పెట్టినా తిరుగుతుంది, మోటారుకు కరెంటు అందించే కార్బన్లు అరిగితే కొద్ది ఖర్చుతో మార్చుకోవచ్చు. అరుదుగా వాడే ఇంటికి మొదటి యంత్రంగా వైరుదే కొనమని, నెలకు రెండు మూడుసార్లైనా పనిచేసే అలవాటున్నవారు మాత్రమే బ్యాటరీ వైపు వెళ్లమని నా సలహా. బ్యాటరీ కొన్నవారు దాన్ని సగం ఛార్జిలో, చల్లని చోట ఉంచాలి.

అమెరికాలో ఉన్న బంధువుల చేత యంత్రాలు తెప్పించుకోవాలనుకునేవారు ఆగి ఆలోచించాలి. అక్కడి ఇళ్లలో గోడలు ఎక్కువగా చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టినవి కాబట్టి అక్కడ ఇంటింటా ఉండే బ్యాటరీ డ్రైవరు మన గోడలకు సరిపోవాలని లేదు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులది, మనది 230. ఛార్జరు మీద రెండు వోల్టేజిలూ రాసి లేకపోతే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది, వైరు యంత్రమైతే మోటారే పోతుంది. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తేవాలి. ఇంత చేసినా వారంటీ ఇక్కడ చెల్లుతుందన్న భరోసా ఉండదు.

కంపెనీల మధ్య

మకీటా, డీవాల్ట్, హికోకి, బాష్ నీలిరంగు యంత్రాలు రోజంతా పనిచేసే వడ్రంగులను, ఎలక్ట్రీషియన్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. బాష్‌లోనే ఆకుపచ్చ రంగువి ఇంటివారి కోసం. స్టాన్లీ, బ్లాక్ అండ్ డెకర్, డీవాల్ట్ మూడూ ఒకే సంస్థ పేర్లు, వరుసలు వేరు. ఇప్పుడు హికోకి అనే పేరుతో వస్తున్నవి ఒకప్పటి హిటాచీ యంత్రాలే. ఇంటి వాడకానికి వృత్తిపనివారి ఖరీదైన నమూనా కొనడం అనవసరం, కానీ అదే వరుసలోని చిన్న నమూనా, అంటే 500 వాట్ల నీలిరంగు డ్రిల్లు లాంటిది, ఇంటికి చాలా మంచి బేరం. దాని విడిభాగాలు జిల్లా కేంద్రాల్లో కూడా దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా విప్పి బాగుచేయగలడు. మరమ్మతు సౌకర్యం దగ్గరలో ఉండడం నా దృష్టిలో మరో వంద వాట్ల కన్నా విలువైనది.

సికింద్రాబాదు రాణిగంజ్ వంటి చోట్ల కొంటే యంత్రాన్ని చేతిలోకి తీసుకుని చూసే వీలుంటుంది, ఆ వీలును తప్పక వాడుకోవాలి. బిట్టు తగిలించి మెల్లగా తిప్పమని అడగండి: కొన చిన్న వలయాలు గీస్తూ ఊగుతుంటే చక్ సరిగా లేదు. మీట మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే వేగంగా తిరగాలి. వెనక్కి తిప్పే మీట ఉండాలి, లేకుంటే ఇరుక్కున్న బిట్టును బయటికి తీయడం కష్టం. గాలి రంధ్రాల్లోంచి చూస్తే కార్బన్ల దగ్గర సన్నని నీలి మెరుపు సహజం, పెద్ద నిప్పురవ్వలు కాదు. పెట్టె మీది సీరియల్ నంబరు, యంత్రం మీది నంబరు ఒకటేనా అని చూసి, జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకుండా వంద రూపాయలు తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, వారంటీ పోతుంది. కొన్ని కంపెనీలు కొన్న కొద్ది రోజుల్లో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే వారంటీ గడువు పెంచుతాయి.

చేతి పనిముట్లు

నిజానికి ముందు కొనవలసినవి ఇవే. పెద్ద పెట్టెలో అన్నీ కలిపి అమ్మే కిట్లను నేను ఇష్టపడను. వాటిలో స్క్రూడ్రైవరు కొన రెండు బిగింపులకే గుండ్రంగా అరిగిపోతుంది, అరిగిన కొన మర తలను పాడుచేస్తుంది, ఆ తరువాత ఆ మరను తీయడం ఒక పెద్ద పని అవుతుంది. విడివిడిగా, ఒక్కొక్కటీ మంచిది కొంటే మొత్తం ఖర్చు కిట్టు ధరకు అటూ ఇటూగానే ఉంటుంది, వస్తువులు తక్కువైనా అన్నీ పనిచేసేవే ఉంటాయి.

కటింగ్ ప్లేయరు 8 అంగుళాలది, టపారియా వంటి కంపెనీది, మూడునాలుగు వందల రూపాయల్లో వస్తుంది. కొనేటప్పుడు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, కోసే అంచుల మధ్య వెలుతురు కనిపించకూడదు. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన అది కరెంటు నుంచి కాపాడుతుందనుకోకూడదు, 1000 వోల్టుల గుర్తు స్పష్టంగా ముద్రించి ఉన్నవే అందుకు తయారైనవి, అప్పుడు కూడా మెయిన్ ఆపి పనిచేయడమే పద్ధతి. స్క్రూడ్రైవర్లలో ప్లస్ కొన రెండవ నంబరుది ఇంటి మరలు చాలావాటికి సరిపోతుంది, దానికి తోడు మైనస్ కొనది ఒకటి, చిన్నది ఒకటి. సుత్తి అర కిలోది, మేకులు పీకే కొమ్ములున్నది తీసుకోవాలి.

పానాల విషయంలో కాస్త ఆలోచన అవసరం. దుకాణంలో ముందుగా చూపించేది 6-7 నుంచి 20-22 వరకు ఎనిమిది పానాల సెట్టు. సొంతంగా బండి బాగుచేసుకునేవారికి అది అవసరమే. ఇంట్లో కుళాయిలు, గ్యాస్ పైపులు, సైకిలు మాత్రమే చూసుకునేవారికి 10 అంగుళాల స్క్రూ పానా ఒకటి చాలు. దాని దవడ వదులుగా ఊగకూడదు, ఊగితే నట్టు మూలలు అరుగుతాయి. బిగుసుకుపోయిన నట్టుకు మాత్రం రింగు పానాయే సరైనది. తెరిచి ఉన్న పానా రెండు ముఖాలను మాత్రమే పట్టుకుంటుంది, రింగు పానా అన్ని మూలలనూ పట్టుకుంటుంది.

టేపు 5 మీటర్లది కొనండి. దాని మీద రోమన్ అంకెల్లో తరగతి రాసి ఉంటుంది. రెండవ తరగతి టేపులో 5 మీటర్లకు అనుమతించే తేడా 1.3 మిల్లీమీటర్లు, మూడవ తరగతిలో 2.6. మాడ్యులర్ కిచెన్‌కో, అలమారకో కొలతలు మీరే ఇచ్చేట్లయితే రెండవ తరగతి తీసుకోవడం మేలు. రసమట్టం కొనేటప్పుడు దాన్ని ఒక అర మీద పెట్టి బుడగ ఎక్కడ ఉందో చూసి, అదే చోట కుడి చివర ఎడమకు వచ్చేలా తిప్పి మళ్లీ పెట్టండి. బుడగ రెండుసార్లూ అరకు ఒకే పక్కకు, ఒకే దూరంలో ఉంటే రసమట్టం మంచిదే, వంకర ఉన్నది అరలోనే. హ్యాక్సాకు చట్రం కన్నా బ్లేడు ముఖ్యం. టెస్టరు వెలగకపోతే కరెంటు లేదని నమ్మకూడదు.

గ్రైండరు, మార్బుల్ కట్టరు

ఇనుము కోసే గ్రైండరు, రాళ్లు, టైల్స్ కోసే మార్బుల్ కట్టరు రెండూ చవకగా దొరుకుతున్నాయి కాబట్టి చాలామంది డ్రిల్లుతో పాటు కొంటున్నారు. ఇంటికి ఇవి అవసరమా అంటే, గేటు, గ్రిల్లు పనులు స్వయంగా చేసుకునేవారికి తప్ప అవసరం లేదని నా అభిప్రాయం. 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 సార్లు తిరిగితే చక్రం అంచు సెకనుకు 57 మీటర్ల పైన వేగంతో పోతుంది, ఆ వేగంలో చక్రం విరిగితే ముక్క ఎటు పోతుందో ఆపడం ఎవరి తరమూ కాదు. రక్షణ కవచం తీసేసి వాడడం, దానికి చెక్క కోసే పళ్ల బ్లేడు తగిలించడం మన దగ్గర తరచుగా కనిపించే ప్రమాదకరమైన అలవాట్లు. కోత చక్రాల మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, అది దాటినవి చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. మార్బుల్ కట్టరు సుమారు 1400 వాట్లదైతే 6 ఆంపియర్లకు పైగా లాగుతుంది, అంటే గదిలోని మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గుకూ సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుకూ అది మించిన భారం. 500 వాట్ల డ్రిల్లు లాగేది రెండు ఆంపియర్ల పైచిలుకే కాబట్టి దానికి ఆ ఇబ్బంది లేదు.

డబ్బు ఏ వరుసలో పెట్టాలి

చేతిలో 2,000 రూపాయలు ఉంటే యంత్రం ఊసెత్తకుండా పైన చెప్పిన చేతి పనిముట్లు మంచివి కొనండి. 5,000 నుంచి 6,000 ఉంటే వాటికి వైరు ఇంపాక్ట్ డ్రిల్లు, మూడు మంచి బిట్లు, కళ్లలో పొడి పడకుండా కాపాడే రక్షణ అద్దాలు చేర్చండి. కాంక్రీటు గోడల ఫ్లాట్ అయితే ఇంకో రెండు మూడు వేలు కూడబెట్టేదాకా ఆగి నేరుగా రోటరీ హ్యామర్ తీసుకోండి. చెక్కపని మీద ఇష్టం ఉన్నవారు తరువాతి మెట్టుగా 12 వోల్టుల డ్రైవరు కొనవచ్చు. అద్దె ఇంట్లో ఉండి, రెండేళ్లకోసారి మారేవారికి మాత్రం డ్రిల్లు కన్నా చేతి పనిముట్లు, చిన్న బ్యాటరీ డ్రైవరు ఎక్కువ ఉపయోగపడతాయి, ఎందుకంటే వారి పని ఎక్కువగా ఫర్నిచర్ విప్పడం, బిగించడమే, గోడకు బెజ్జం వేయాలంటే యజమాని అనుమతి కావాలి.

గచ్చు పగలగొట్టే బ్రేకరు, పెద్ద కోర్ కట్టరు, వెల్డింగ్ మెషిన్ వంటివి జీవితంలో ఒకటి రెండుసార్లు పడే పనులకు సంబంధించినవి. పట్టణాల్లో వీటిని రోజు అద్దెకు ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. తెచ్చుకునేటప్పుడు అక్కడే నడిపి చూసి, వైరు మీద తెగిన చోట్లు లేవని చూసుకుని, బిట్టు అరుగుదల ఎవరి ఖాతాలో పడుతుందో ముందే మాట్లాడుకోవాలి. ఏ యంత్రంతోనైనా గోడ మీదికి వెళ్లే ముందు స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద బెజ్జం వేయకండి, లోపలి వైర్లు సాధారణంగా ఆ వరుసలోనే వెళ్తాయి. కుళాయికి పైనా కిందా పైపుల విషయంలోనూ అంతే జాగ్రత్త తీసుకోవాలి.